దవడ గడ్డ, రెండు లీటర్ల బాటిల్

బుగులు లేనోళ్లు ఈ పనికి రావద్దు

నోటి జబ్బుల పాథాలజీల ముప్పై ఏండ్లు పనిచేసి, రెండేండ్ల కింద రిటైరైన. సంగారెడ్డి దగ్గర ఒక డెంటల్ కాలేజీల నా కొలువు. ఇప్పుడు ఈ కోర్సుల చేరే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతరు. "మేడం, ఈ బ్రాంచ్ తీసుకుంటే ప్రశాంతంగ ఉంటదంట గదా? రోగులతోని లొల్లి ఉండదు, ఏసీ గదిల మైక్రోస్కోప్ ముందల కూసుంటే అయిపాయె గదా?"

ప్రశాంతమా! నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వది నాకు. ముప్పై ఏండ్లల్ల నేను తిన్న అన్నం సగం భయంతోటి, బుగులుతోటే అరిగింది.

అసలు పని ఏందో చెప్త. పైన సర్జన్ రోగి దవడల నుంచి చిన్న ముక్క కోసి, మందు నీళ్ల సీసాల వేసి, కింద నా గదికి పంపుతడు. ఆ ముక్కను పల్చటి పొరలుగ కోసి, రంగులద్ది, అద్దం మీద పెట్టి నేను చూస్త. చూసి ఒక పేరు రాస్త. ఆ పేరును బట్టే పైన కత్తి కదుల్తది. ఒక పేరు రాస్తే గడ్డను గీకి వదిలేస్తరు, ఇంకో పేరు రాస్తే సగం దవడ కోసేస్తరు, మరో పేరు రాస్తే పట్నంల క్యాన్సర్ దవాఖానకు తోలుతరు. నేను రాసేది రెండు మూడు మాటలే. కని అవి రాసేటప్పుడు బుగులు పుట్టాలె. పుట్టకపోతే ఏదో తప్పు జరుగుతున్నట్టు.

గుట్కా తిని వచ్చే చిగుళ్ల క్యాన్సర్లు రోజూ చూస్తం గనుక కన్ను వాటిని గుర్తుపడ్తది. దవడ ఎముకల పుట్టే గడ్డలు అట్లకాదు. ఏడాదికి వచ్చేదే కొన్ని. వాటిల్ల కూడ ఒకదాని ముఖం ఇంకోదానికి ఉంటది, బడి డ్రెస్సు వేసుకున్న పిల్లల లెక్క. వరుసల నిలబెడితే ఎవరు ఎవరి ఇంటోళ్లో చెప్పలేం. ఇంటికి పోయి అడగాల్సిందే.

ఎముకను తొందర పెట్టొద్దు

ఎముక ముక్కను అట్లనే కోయలేం. యాసిడ్ నీళ్లల్ల రోజుల తరబడి నానబెట్టి మెత్తగ చెయ్యాలె. ఆ పని మా టెక్నీషియన్ ఖాజా భాయ్‌ది. రోజూ పొద్దున సూదితోని ముక్కను మెల్లగ గుచ్చి చూసి, "ఇంకా కచ్చా ఉంది మేడం" అనెటోడు. ఆయన "పక్కా" అనేదాకా నేను కూడ నోరెత్తకపోయేది.

ఒక్కసారి ఎత్తిన. పై నుంచి సర్జన్లు రిపోర్టు ఏది, రిపోర్టు ఏది అని ఒకటే ఫోన్లు. పాపం పెద్దమనిషి ఒకాయన వార్డుల పడి ఉన్నడు. "భాయ్, యాసిడ్ జెర గట్టిది పొయ్యి" అన్న. నడుమ ఆదివారం, ఆపైన బోనాల సెలవు. మేం తిరిగొచ్చేసరికి ముక్క ఉడికిపోయింది. అద్దం కింద చూస్తే అంతా ఉత్త గులాబీ రంగు. కణాల లోపల కనిపించాల్సిన నీలం చుక్కలు ఒక్కటంటే ఒక్కటి లేవు. ఆ పెద్దమనిషి దవడను రెండోసారి కోయాల్సొచ్చింది.

ఖాజా భాయ్ తలకాయ వంచుకొని నిలబడ్డడు. "తప్పు నాది భాయ్, పొయ్యమన్నది నేను" అన్న. "గలత్ మీది గాదు, నాది గాదు మేడం. జల్దీది" అన్నడు. నన్ను కాపాడనీకి అన్నడని నాకు తెలుసు.

ఆ దినం సంది నేను జాగ్రత్త మనిషినైన. ఎక్స్‌రే లేకుండ స్లైడ్ చూడ. రోగిని కిందికి పిలిపించి నా కండ్లతోని చూడకుండ సంతకం పెట్ట. కాలేజీల అందరు నన్ను సతాయింపు మేడం అనుకునెటోళ్లు. అనుకోనీయి, నేను మాత్రం ఇగ తప్పు చెయ్య అనుకున్న. ఇప్పుడు చెప్పబోయేది నేను గట్ల అనుకున్న రోజుల ముచ్చటే.

స్వరూప

వానకాలం. గుమ్మడిదల మండలంల ఒక ఊరి నుంచి స్వరూప అనే ఆమె వచ్చింది. ముప్పై నాలుగేండ్లుంటయి. ఎడమ దిక్కు కింది దవడ మీద నిమ్మకాయంత వాపు. ఉన్న కాడ కొద్దిగ పొలం చేసుకుంటది, పెనిమిటి మల్లేశం అక్కడి మందుల కంపెనీల కాంట్రాక్టు మీద పనిచేస్తడు. పైన ముక్క తీసిండ్రు. నా అలవాటు ప్రకారం ఆమెను కిందికి పిలిపించిన.

చేతిల బట్ట సంచి. సంచిల ఎక్స్‌రే, చీటీలు, కూల్ డ్రింకుల రెండు లీటర్ల పాత బాటిల్ నిండ నీళ్లు. ఆ బాటిల్ గురించి ఒక మాట చెప్పాలె. మా దిక్కు దవాఖాన బెంచీ మీద ఎవరిని చూసినా పక్కన బాటిల్ ఉంటది. కంపెనీలు వచ్చి నీళ్లు చెడగొట్టినంక బోరు నీళ్లను ఎవరూ నమ్మరు, బయటి నల్లా నీళ్లను అసలే నమ్మరు. ఎవరి నీళ్లు వాళ్లు మోసుకొస్తరు. నేను కూడ ఇంటి నుంచే తెచ్చుకునేదాన్ని. గందుకే ఆమె చేతిల బాటిల్ నా కంటికి ఆనలేదు.

"వాపు కాకుండ ఇంకేమన్న బాధలున్నయా అమ్మా?" అని అడిగిన. అడగలేదని ఎవరూ అనలేరు. అడిగిన.

"ఏం చెప్పాలె మేడం. కాళ్లు, నడుము ఒకటే గుంజుడు. నాట్లకు వంగుతే మల్ల లేవస్తలేదు. పోయినేడు మూత్రంల రాయి పడ్డది. దూప అంటే గంత గింత దూప గాదు, ఎన్ని తాగినా ఆగది. పానం అస్సలు చాతనైతలేదు."

"మీ దిక్కు నీళ్లు గట్లనే ఉంటయమ్మా. ఫిల్టర్ నీళ్లు తాగు" అన్న.

"అందరు గదే అంటరు మేడం" అని, బాటిల్ మూత తీసి రెండు గుక్కలు తాగింది.

స్లైడ్ తయారై వచ్చింది. ఈసారి ఖాజా భాయ్ పని వెన్నలాగ ఉండె. పెద్ద పెద్ద కణాలు, ఒక్కొక్కదాంట్ల పది పదిహేను నీలం చుక్కలు, చుట్టూ రక్తం. పుస్తకంల బొమ్మ ఉన్నట్టే ఉన్నది. జెయింట్ సెల్ గ్రాన్యులోమా అని రాసి సంతకం పెట్టిన. క్యాన్సర్ గాదు, కని ఎముకను తినుకుంట పోయే గడ్డ. నాకు సంబురమైంది కూడ. సందేహం లేని స్లైడ్ మాకు ఎప్పుడో ఒకసారి గాని దొరకది.

రిపోర్టు తీసుకపోనీకి ఆమె వచ్చిన రోజు ఖాజా భాయ్ లోపలికొచ్చి గులిగిండు. "మేడం, ఆ గుమ్మడిదల ఆమె తెచ్చుకున్న బాటిల్ అయిపాయెనట. మన నీళ్ల క్యాన్ల నుంచి రెండుసార్లు నింపుకున్నది. బయట వాన దంచుతున్నది, గింత దూప ఏంది?"

"పోనీ భాయ్, నీళ్లకు గూడ పీసుగొట్టుతనమా?" అని నేను ఆయననే గదమాయించిన.

సర్జరీ హెడ్ ప్రభాకర్ సార్ నా రిపోర్టు చూసిండు. గడ్డ పెద్దది, ఎముక అంచు కాగితం లెక్క పల్చబడ్డది, గీకితే మల్ల వస్తదని ఆ దిక్కు దవడ కోసేయాలని గురువారానికి ఆపరేషన్ పెట్టిండు.

ఏడాదికోసారి చెప్పే మాట

సోమవారం పొద్దుగాల నాకు క్లాసు. పాఠం దవడ గడ్డలే. ఏడాదికోసారి చెప్పే పాఠం, నోటికొచ్చిన పాఠం. బోర్డు మీద పెద్ద కణాల బొమ్మ గీసి మొదలువెట్టిన.

"ఇది చూడంగనే గ్రాన్యులోమా అని రాసేయొద్దు. మెడల థైరాయిడ్ ఎనక బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగుంటయి. వాటిల్ల ఒకటి ఉబ్బిందనుకో, ఎముకలల్ల ఉన్న క్యాల్షియంను గుంజి రక్తంల పోస్తది. అప్పుడు దవడల అచ్చం గిట్లాంటి గడ్డే లేస్తది. స్లైడ్‌ల తేడా దొరకది, రక్తంల దొరుకుతది. రోగిని అడిగితే కూడ దొరుకుతది. ఎముకలు నొస్తయి, మూత్రంల రాళ్లు పడ్తయి, దూప..."

దూప అన్న మాట కాడ ఆగిన. పిల్లలు పెన్నులు పట్టుకొని చూస్తున్నరు. "ఈ ఒక్క పూట మీరే చదువుకోండి" అని చెప్పి, సుద్దముక్క చేతిలనే పట్టుకొని మెట్లు దిగిన.

ల్యాబ్‌ల స్వరూప ఎక్స్‌రే కాపీ తీసి వెలుతురుకు పెట్టిన. ఆరోగ్యంగున్న మనిషి దవడల ప్రతి పంటి వేరు చుట్టు సన్నటి తెల్ల గీత ఉంటది. ఆమె ఎక్స్‌రేల ఆ గీతలు లేవు. గడ్డ ఉన్న కాడనే గాదు, కుడి దిక్కు లేవు, పైన లేవు, ఎక్కడా లేవు. మొదటిసారి చూసినప్పుడు నాకు మసకగ ఉన్నదనిపించింది. మా ఎక్స్‌రే మిషన్ పాతది, ఎప్పుడూ గట్లనే తీస్తదని తిట్టుకున్న. మిషన్ మంచిగనే తీసింది.

ఇది గ్రంథి జబ్బే అయితే మందు దవడల లేదు, మెడల ఉన్నది. ఆ గ్రంథి తీసేస్తే దవడ గడ్డ దానంతట అదే పూడుకుంటది. అది తెలుసుకోకుండ గురువారం సగం దవడ కోసేస్తే ముఖం పోతది, నమిలే పండ్లు పోతయి, జబ్బు మాత్రం అట్లనే ఉండి ఇంకో ఎముక మీద పడ్తది. దానికంతటికి కింద నా సంతకం ఉంటది.

మామూలుగనే ఉన్నది గదా

ప్రభాకర్ సార్ చెడ్డోడు గాదు. చెయ్యి మంచిది, నోరే గరం. నేను చెప్పింది మొత్తం విని, కుర్చీల వెనక్కి ఒరిగిండు.

"సందేహముంటే రిపోర్టుల రాయాలె గద మేడం. ఒక్క ముక్క రాయలేదు. సంతకం మీదే."

"నాదే సార్. తప్పు రాసిన్నేమో అని నేనే వచ్చి చెప్తున్న."

"చేసిన్నేమో, అయిందేమో అంటే ఎట్ల? థియేటర్ బుక్ అయింది, మత్తు డాక్టర్ పట్నం నుంచి వస్తున్నడు, రక్తం తెచ్చి పెట్టిండ్రు."

"రక్తంల క్యాల్షియం ఒక్కటి చూద్దాం."

మంగళవారం స్వరూప వార్డుల చేరింది. రక్తం తీసిండ్రు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. క్యాల్షియం ఉండాల్సిన హద్దు పై గీతను తాకుతున్నది, కని దాటలేదు. సార్ ఆ కాయితం నా ముందల పెట్టి, "మామూలుగనే ఉన్నది గదా. ఇగ పోనియ్యండి" అన్నడు.

చెప్పాల్నంటే, ఒక్క క్షణం నాకు కూడ పోనిద్దామనిపించింది. కాయితమే చెప్పింది గదా, నాకెందుకు అనిపించింది. గీ సంగతి ఇప్పటిదాక ఎవరికి చెప్పలే. కని మనిషి బలహీనంగ ఉన్నా, డి విటమిన్ తక్కువున్నా క్యాల్షియం దాగుంటదని నాకు తెలుసు. పొద్దుమాపు పొలంల ఉండేటోళ్లకు డి విటమిన్ ఎందుకు తక్కువుంటది అనుకోకుండ్రి, మా దిక్కు మస్తు మందికి తక్కువే. గ్రంథి హార్మోన్‌ను నేరుగ కొలిస్తె గాని తేలదు. ఆ పరీక్ష మా దగ్గర లేదు. పట్నం పంపాలె, రెండు రోజులు పడ్తది. అంటే గురువారం సాయంత్రం. ఆపరేషన్ గురువారం పొద్దున.

"రెండు దినాలు ఆపండి సార్" అన్న.

"నేను ఆపను. పేషంట్ ఆపమంటే ఆపుత. పోయి మీరే చెప్పుకోండి" అన్నడు.

వార్డుల

మల్లేశం మంచం పక్కన నిలబడి ఉన్నడు. కంపెనీ చొక్కా కూడ మార్చలేదు. నేను చెప్తుంటే ముఖం ఎర్రగైంది.

"నాలుగు దినాల లీవ్ కోసం సూపర్‌వైజర్ కాళ్లు ఒక్కటే మొక్కలే మేడం. ఇంకోసారి లీవ్ అడిగితే గేటు బయటనే ఉంటనన్నడు. గడ్డ ఇదే అని రాసిచ్చింది మీరే. ఇప్పుడు గాదేమో అనేది మీరే. మేం ఏ మాట నమ్మాలె?"

"మొదటి మాట తప్పై ఉండొచ్చు మల్లేశం. రెండోది కూడ తప్పు కావచ్చు. నాకు తెల్వదు. తెలుసుకోనీకే రెండు దినాలు అడుగుతున్న."

"తెల్వకుండ సంతకం ఎట్ల పెట్టిండ్రు మరి?"

అంతసేపు స్వరూప మంచం మీద కూసొని, మా ఇద్దరి ముఖాలు చూస్తున్నది. వాపు వల్ల మాట మెల్లగ వచ్చేది.

"కోసిన దౌడ మల్ల పెట్టరు గద మేడం?"

"అదే పెట్టరు. వేరే కాడి ఎముక తెచ్చి అతుకుతరు, కని ఇట్ల ఉండదు."

"అయితే ఆగుత" అన్నది. మల్లేశం వరండాలకు పోయిండు. ఆమె పక్కనున్న బాటిల్ ఎత్తి గటగటా తాగింది. ఈసారి నేను చూసిన.

ఆ రెండు దినాలు నేను ఎట్ల గడిపిన్నో చెప్తే మీరు ఈ బ్రాంచ్ తీసుకోరు. పప్పుల ఉప్పు రెండుసార్లు వేసిన. కాలేజీ బస్సు దిగాల్సిన కాడ దిగకుండ ముందుకు పోయిన. పరీక్ష మామూలుగ వస్తే ఇంతమందిని పరేషాన్ చేసి, ఒకని కొలువు మీదికి తెచ్చినట్టు. ఎక్కువొస్తే ఆమె నోటితోని చెప్పింది విని కూడ తప్పు రాసినట్టు. రెండిట్ల ఏది వచ్చినా తప్పు నాదే. మరి ఏది రావాలని మొక్కుకోవాలె?

గురువారం సాయంత్రం ఫోన్ ఖాజా భాయ్ ఎత్తిండు. విని, కాయితం మీద రాసి, నా ముందల పెట్టిండు. హార్మోన్ ఉండాల్సిన దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఆయన స్టూలు మీదనే కూలబడ్డ.

ప్రభాకర్ సార్ కాయితాన్ని చాలాసేపు చూసిండు. "మీకు దండం పెట్టాల్నో, తిట్టాల్నో తెలుస్తలేదు మేడం" అన్నడు. దగ్గరుండి పట్నం పెద్ద దవాఖానకు రాసిచ్చి పంపింది కూడ ఆయనే. అక్కడ మెడల నుంచి చింతగింజంత గ్రంథి తీసిండ్రు.

నీళ్ల వల్ల అనే మాట

కొత్తగ వచ్చే పిల్లలకు కుండబద్దలు కొట్టినట్టు ఒకటి చెప్త. మా దిక్కు నీళ్లు మంచియని నేను అంటలేను. చెడిపోయిన బోర్లు నేను కండ్లార చూసిన, ఊరోళ్ల మొర నిజమే. కని "నీళ్ల వల్ల" అనే మాట మా డాక్టర్లకు ఒక అలవాటైంది. కాళ్లు నొస్తే నీళ్లు, రాయి పడితే నీళ్లు, తలకాయ నొస్తే నీళ్లు. ఆ మాట అనంగనే ఇగ ఆలోచన బందు. ఊరి పేరు వినంగనే జబ్బు చెప్పేస్తం.

స్వరూపను పట్నం పంపినంక నేను పాత రిజిస్టర్లన్ని దించిన. అదే పేరు రాసి సంతకం పెట్టిన ప్రతి రిపోర్టు తీసి, ఎక్స్‌రేలు వెతికి, ఫోన్లు చేసిన. దొరికినోళ్లందరికి రక్త పరీక్షలు చేయించిన. అందరూ బాగనే ఉన్నరు. ఇద్దరు మాత్రం దొరకలే. పని కోసం వేరే రాష్ట్రం నుంచి వచ్చి, పని అయిపోంగనే పోయినోళ్లు. ఫోన్ నంబర్లు పని చెయ్యలే. ఇద్దరికి దవడ కోసిండ్రు. వాళ్ల మెడల ఏమున్నదో నాకు తెల్వది. ఆ బుగులు రిటైరైనంక కూడ నన్ను ఇడిసిపెట్టలేదు.

నిండు బాటిల్

ఏడాది దాటినంక స్వరూప వచ్చింది. మల్లేశం కూడ వచ్చిండు. ఆ కంపెనీల కొలువు పోయింది, ఇప్పుడు చిట్కుల్ దిక్కు ఇంకో దాంట్ల చేస్తున్ననని చెప్పిండు. జీతం తక్కువే అని కూడ చెప్పిండు. నన్ను నిష్ఠూరం ఆడలే, నవ్వలే కూడ.

కొత్త ఎక్స్‌రే వెలుతురుకు పెట్టిన. గడ్డ ఉన్న కాడ ఎముక పూడుకున్నది. పంటి వేర్ల చుట్టు సన్నటి తెల్ల గీతలు తిరిగొచ్చినయి. ఆమె దవడ మీద చెయ్యి పెట్టి చూసిన, వాపు సగానికి పైన తగ్గింది. ఖాజా భాయ్ తలుపు కాడ నిలబడి, "మాషా అల్లా" అన్నడు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇగ ఆమె నాకు చల్లగ ఉండు మేడం అంటదేమో అని లోపల ఆశపడ్డ కూడ. ఎందుకు దాచాలె, ఆశపడ్డ.

"ఒక్క మాట అడుగుత మేడం, ఏమనుకోవద్దు" అన్నది.

"అడుగు."

"ఆ దినం మీకు అన్ని చెప్పిన గద. దూప, రాయి, కాళ్లు గుంజుడు. మీరు నీళ్ల వల్ల అన్నరు."

"అన్న."

"మా అత్త గట్ల అన్నదంటే ఆమెకు తెల్వది. మా ఊరి ఆర్ఎంపీ అన్నడంటే ఆయనకు గూడ తెల్వది. మీకు ఎరుకే గద మేడం. మరి ఎందుకన్నరు?"

గొంతుల కోపం లేదు. నిజంగనే తెలుసుకుందామని అడిగింది. కోపం ఉంటే నాకు అల్కగ, తేలికగ ఉంటుండె.

"నువ్వు చెప్పింది విన్న స్వరూపా. కని నీ ఊరి పేరు ముందే విన్న. జవాబు అప్పుడే అనుకున్న, నువ్వు చెప్పినంక మార్చుకోలే" అన్న. ఇంతకంటె మంచి జవాబు నాకు ఆ దినం దొరకలే, ఇప్పటికి కూడ దొరకలే.

ఆమె బట్ట సంచిల చెయ్యి పెట్టి బాటిల్ తీసింది. అదే రెండు లీటర్లది. మూడు గంటలైతున్నది, పొద్దున బస్సెక్కి వచ్చిన మనిషి. బాటిల్ మెడ దాక నిండుగ ఉన్నది, ఒక్క గుక్క తగ్గలేదు. మూత తీసి నా దిక్కు చాపింది.

"తాగుండ్రి మేడం. ఫిల్టర్‌వే. మీ గొంతు ఎండిపోయినట్టున్నది."

నేను దూప అని ఆమెకు చెప్పలే. ఆమెనే చూసింది.